మూడు వారాల్లో బస్ లేన్ మీద ప్రజాభిప్రాయ సమావేశం. ఎలా నడపాలి?

కొత్త ప్లానర్:
అందరికీ నమస్కారం. రవాణా ప్లానింగ్‌లోకి వచ్చి రెండేళ్లయింది. ఇంతవరకు ట్రాఫిక్ లెక్కలు, డ్రాయింగులు, రిపోర్టులే నా పని. పదిమంది ముందు మైకు పట్టుకున్నది లేదు. ఇప్పుడు నాలుగు కిలోమీటర్ల రోడ్డు మీద బస్సులకు ప్రత్యేక లేన్ వేసే ప్రాజెక్టు వచ్చింది. దాని ప్రజాభిప్రాయ సమావేశం నన్నే నడపమన్నారు. మూడు వారాలే టైమ్ ఉంది.

విషయం సున్నితమైనది. రోడ్డుకు ఒక వైపు పార్కింగ్ పూర్తిగా పోతుంది. రెండు బస్టాపులు జరుగుతాయి. కూడళ్ల దగ్గర పదమూడు ఇళ్ల ముందు స్థలం కొంత తీసుకోవాల్సి వస్తుంది. మా పై అధికారి చెప్పిన పద్ధతి ఇది: వేదిక మీద ఐదుగురం కూర్చుంటాం, 40 నిమిషాల ప్రెజెంటేషన్ ఇస్తాం, తర్వాత హాల్లో మైకు తిప్పి ప్రశ్నలు తీసుకుంటాం. పోయినేడు మా సహోద్యోగి ఒకామె ఇలాగే నడిపితే అరగంటలో గొడవై ఆగిపోయింది. ఆ రోజు ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికి రావడం నేను చూశాను. అప్పటి నుంచి ఈ పేరు వింటేనే టెన్షన్.

ఈ లేన్ వల్ల మేలు జరుగుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. జనాన్ని ఒప్పించాలంటే ప్రెజెంటేషన్ ఎలా ఉండాలి?

పాత డెస్క్:
తమ్ముడూ, ప్రెజెంటేషన్ సంగతి తర్వాత చూద్దాం. "ఒప్పించాలంటే" అన్నావు చూడు, నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఆ హాల్లో కూర్చున్న మనిషి ఒక మంచి మాట చెప్తే, దానివల్ల మీ డ్రాయింగులో మారగలిగేది ఇంకా ఏమైనా మిగిలి ఉందా? ముందు ఇది తేల్చుకో. ఏమీ మిగల్లేదంటే దానికి ప్రజాభిప్రాయ సేకరణ అని పేరు పెట్టకు. సమాచార సమావేశం అని నోటీసులో రాయి. పేరు ఒకటి, పని ఒకటి అయినప్పుడే హాల్లో కుర్చీలు లేస్తాయి.

ఈ రంగంలో 25 ఏళ్లు పనిచేశాను. గొడవలైన సమావేశాలు చాలా చూశాను. అందులో ఎక్కువ భాగం నడపడం చేతకాక చెడలేదు, ఆలస్యంగా పెట్టడం వల్ల చెడ్డాయి. మనం లోపల నిర్ణయం చేసేస్తాం, తర్వాత ప్రకటిస్తాం, ఆ తర్వాత దాన్ని కాపాడుకోవడానికి సమావేశం పెడతాం. జనం పది నిమిషాల్లో పసిగడతారు.

1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. పర్యావరణంపై ప్రభావం చూపే నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యం గురించి అందులో ఒక నియమం ఉంది. ప్రత్యామ్నాయాలన్నీ ఇంకా తెరిచి ఉన్నప్పుడే, మొదట్లోనే ప్రజలను కలుపుకోవాలని దాని సారం. అమెరికాలో అంతకు చాలా ముందే, 1969లో, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులతో వేసే హైవేలకు, జనం మాట వినే బహిరంగ విచారణలు రెండు పెట్టే పద్ధతి తెచ్చారు. రోడ్డు ఎటు వెళ్లాలో ఖాయం కాకముందు ఒకటి, డిజైన్ మీద ఇంకొకటి. ఎటు వెళ్లాలో అడగకుండా డిజైన్ రంగు అడిగితే జనానికి కోపం వస్తుందని వాళ్లు అనుభవం మీద నేర్చుకున్నారు.

కాబట్టి ఇవాళే ఒక కాగితం తీసుకో. ఏవి తేలిపోయాయి, ఏవి తేలలేదు, ఏవి మీ ఆఫీసు చేతిలోనే లేవు, రాసుకో. మీ పై అధికారితో దాని మీద సంతకం చేయించు. సమావేశం మొదట్లో నువ్వు చదవాల్సింది అదే.

కొత్త ప్లానర్:
సార్, నిజం చెప్తున్నాను, ఆ కాగితం రాయడానికి కూర్చుంటే నాకే తెలియదని అర్థమైంది. బస్ లేన్ ఉంటుందనేది తేలిపోయింది. బస్టాపులు ఎక్కడన్నది తేలలేదు. ఇళ్ల ముందు ఎంత తీసుకోవాలన్నది "దాదాపు తేలింది" అంటున్నారు.

రోడ్డు పక్క ఇల్లు:
బాబూ, నేను ఇంజనీరును కాను. ఇలాంటి సమావేశాల్లో కింద కుర్చీలో కూర్చున్నదాన్ని. "దాదాపు తేలింది" అన్న మాట చదివి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మా రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక సమావేశం పెట్టారు. గోడకు పెద్ద మ్యాప్ తగిలించారు. అందులో మా ఇల్లు ఎక్కడుందో నాకు దొరకలేదు. రంగురంగుల గీతలు, అంకెలు తప్ప ఒక్క గుర్తు లేదు. పక్కనున్న కుర్రాడిని అడిగితే వేలు పెట్టి చూపించాడు. ఎర్ర గీత మా ముందు గదిలోంచి పోతోంది. మా మామగారు చివరి రోజుల్లో పడుకున్న గది అది. అంతమందిలో, నిలబడి ఉండగా, ఒక గీత చూసి ఆ సంగతి తెలుసుకున్నాను. మైకు నా దాకా వచ్చాక అడిగితే, "అది ఫైనల్ అయిపోయిందమ్మా, నెక్స్ట్ క్వశ్చన్" అన్నారు.

గది పోయినందుకంటే ఆ "నెక్స్ట్ క్వశ్చన్" అన్నందుకే నాకు ఎక్కువ బాధ. నీకు చెప్పేది ఒక్కటే. ఆ పదమూడు ఇళ్లవాళ్లకు ఈ సంగతి హాల్లో తెలియకూడదు. సమావేశానికి ముందే ఇంటికి వెళ్లి, కూర్చుని, వాళ్ల గుమ్మం దగ్గరే చూపించు. తిడితే పడు. వాళ్ల ఇంటిని వాళ్ల ముందు వేలితో చూపించే పని వేరేవాళ్లకు వదలొద్దు.

పాత డెస్క్:
అమ్మా, మీరు చెప్పింది మా శిక్షణల్లో మొదటి రోజు పాఠంగా పెట్టాలి. తమ్ముడూ, మిగతా సలహాలన్నీ పక్కన పెట్టినా ఫర్వాలేదు, ఇది మాత్రం చెయ్యి.

బస్ ప్రయాణికుడు:
నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతాను. ప్రతి చర్చలోనూ రోడ్డు పక్కవాళ్ల సంగతే వస్తుంది. రావాలి కూడా. కానీ రోజూ రెండున్నర గంటలు బస్సులో గడిపే నాలాంటివాళ్ల సంగతేంటి? మీరు సమావేశం పెట్టేది సాయంత్రం ఆరింటికి. ఆ టైమ్‌కు నేను అదే రోడ్డు మీద, అదే ట్రాఫిక్‌లో నిలబడి ఉంటాను. పార్కింగ్ పోతుందనే వాళ్లు నడిచి హాలుకు వస్తారు. లేన్ కావాలనే వాళ్లు రాలేరు. మర్నాడు "ప్రజలు వ్యతిరేకించారు" అని రాస్తారు. ఇలా రెండుసార్లు ఆగిపోయింది మా లేన్.

లెక్కల మనిషి:
ఆయన చెప్పింది ఊహ కాదు. అమెరికాలో మసాచుసెట్స్‌లో పరిశోధకులు ఇళ్ల నిర్మాణ అనుమతుల సమావేశాల మినిట్స్ (ఎవరు ఏమన్నారో రాసిన రికార్డు) తీసి, మాట్లాడినవాళ్ల వివరాలను ఓటర్ల జాబితాలతో పోల్చారు. మాట్లాడినవాళ్లలో వయసు పైబడినవాళ్లు, మగవాళ్లు, సొంత ఇల్లు ఉన్నవాళ్లు, ఆ ఊళ్ల జనాభాలో వాళ్లకున్న వాటా కంటే ఎక్కువగా తేలారు. ఎక్కువమంది చెప్పింది కూడా వద్దనే. అది ఇళ్ల విషయం, ఇది రోడ్డు విషయం. అయినా హాలుకు ఎవరు రాగలరన్నది రెండు చోట్లా ఒకటే.

అందుకే సమావేశాన్ని ఓటింగ్‌లా లెక్కపెట్టకూడదు. చేతులెత్తించడం అసలు వద్దు. ఎంతమంది వద్దన్నారన్నది కాదు, ఏ కారణం చెప్పారన్నది రాసుకోండి. ఒక్కరే చెప్పినా కారణం సరైనదైతే డిజైన్ మారాలి.

బస్ ప్రయాణికుడు:
మరి నా కారణం ఎవరు రాసుకుంటారు?

లెక్కల మనిషి:
హాలును మీ దగ్గరకు తేవాలి. పొద్దున, సాయంత్రం రద్దీ టైమ్‌లో బస్టాపుల దగ్గర బల్ల వేసుకుని ఇద్దరు నిలబడితే చాలు. ఒక బోర్డు, మూడు ప్రశ్నలు. బస్సు వచ్చేలోపు ముగియాలి. బస్సు ఎక్కి రెండు స్టాపులు ప్రయాణించి మాట్లాడినా మంచిదే. నోటీసు కూడా బస్సులోపల అంటించాలి. చట్టం అడిగిందని పేపర్లో ఓ మూల వేసే ప్రకటనను ఆ బస్సులో నిలబడ్డవాళ్లు చూడరు. ఇలా వచ్చిన మాటలకు హాల్లో వచ్చిన మాటలతో సమానంగా రికార్డులో చోటివ్వాలి. అది ముందే ప్రకటించాలి, లేకపోతే తర్వాత "ఇవెక్కడివి" అంటారు.

చక్రాల కుర్చీ:
హాలు సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్త ప్లానర్ గారూ, హాలు బుక్ చేసేముందు మీరే వెళ్లి చూడండి. ఫోన్లో "లిఫ్ట్ ఉందండీ" అంటారు. వెళ్తే లిఫ్టుకు ముందు మూడు మెట్లుంటాయి. తలుపు కనీసం 90 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. ర్యాంపు ఉంటే వాలు చూడండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే సొంతంగా ఎక్కలేం. బల్ల మీద మ్యాప్ పరిస్తే కూర్చున్నవాళ్లకు అందే ఎత్తులో ఉండాలి. మైకు స్టాండు కిందికి దిగాలి. నేను మాట్లాడటానికి వెళ్లినప్పుడు ఎవరో నా నోటి దగ్గర మైకు పట్టుకుని నిలబడటం నాకు నచ్చదు. నా మాట నేనే పట్టుకుని చెప్పాలి.

సంజ్ఞా భాష అనువాదకులు ఒక్కరు సరిపోరు. చేతులు, మెదడు రెండూ అలసిపోయే పని అది. 20, 30 నిమిషాలకోసారి మారుతూ ఇద్దరు చెయ్యాలి. ఎవరైనా అడిగితే చూద్దాం అనుకోకండి. కావాలంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఏ రోజులోపు చెప్పాలో నోటీసులోనే ఉండాలి. ఆఖరి బస్సు ఎన్నింటికో చూసి సమావేశం అంతకు ముందే ముగించండి. బస్ ప్రాజెక్టు సమావేశానికి బస్సులో వచ్చి తిరిగి వెళ్లలేకపోతే ఎలా?

మినిట్స్ రాసే మనిషి:
నేను ఇలాంటి సమావేశాల్లో రికార్డు రాస్తాను. వేదిక, మైకు, రికార్డు ఈ మూడింటి గురించి చెప్తాను.

1968 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో లోయర్ మాన్‌హట్టన్ మీదుగా వేయదలచిన ఎక్స్‌ప్రెస్‌వే మీద బహిరంగ విచారణ జరిగింది. మైకును అధికారుల వైపు కాకుండా జనం వైపు తిప్పి పెట్టారు. మాట్లాడేవాళ్లు అధికారులకు వీపు చూపించి తమలో తాము చెప్పుకున్నట్టయింది. ఆ రోడ్డును వ్యతిరేకించిన రచయిత్రి జేన్ జేకబ్స్ ఆ సంగతే ఎత్తి చూపి, కొంతమందితో కలిసి వేదిక మీదికి నడిచారు. ఆ గందరగోళంలో స్టెనోగ్రాఫర్ యంత్రం నుంచి వచ్చే కాగితం చుట్టలు చెల్లాచెదురయ్యాయి. రికార్డే లేదు కాబట్టి విచారణే జరగలేదని ఆమె అక్కడే ప్రకటించారు. ఆమెను అరెస్టు చేశారు. ఆ ఎక్స్‌ప్రెస్‌వే ఆలోచనను మరుసటి ఏడాది వదులుకున్నారు. నా పనిలో ఈ సంఘటన గుర్తు రాని రోజు లేదు. మైకు ఎటు తిరిగి ఉందో చూస్తే ఆ సమావేశం ఎవరికోసమో తెలిసిపోతుంది.

కాబట్టి తమ్ముడూ, వేదిక మీద ఐదుగురు వరసగా కూర్చోవద్దు. కింద, అదే నేల మీద, బల్లల దగ్గర ఉండండి. ఒక బల్ల బస్టాపులకు, ఒకటి పార్కింగుకు, ఒకటి కూడళ్లకు, ఒకటి భూమి, పరిహారం ప్రశ్నలకు. ప్రతి బల్ల దగ్గర జవాబు చెప్పగలిగే మనిషి ఒకరు, రాసే మనిషి ఒకరు. చెప్పేవాడే రాయకూడదు. తనకు నచ్చని మాట తెలియకుండానే చిన్నదైపోతుంది. ఎవరైనా చెప్పింది రాశాక, "మీరన్నది ఇదే కదా" అని చదివి వినిపించండి. నా అనుభవంలో కోపం సగం అక్కడే దిగుతుంది.

పాత డెస్క్:
బల్లల పద్ధతి మంచిదే, కానీ ఒక జాగ్రత్త. బల్లలు మాత్రమే పెడితే "మమ్మల్ని ముక్కలు చేసి, ఒకరి మాట ఒకరికి వినబడకుండా చేశారు" అంటారు. అది తప్పు ఆరోపణ కాదు. పక్కవాడి బాధ వినడం కూడా సమావేశంలో భాగమే. మొదటి గంట బల్లలు, తర్వాత గంటన్నర అందరూ ఒకచోట, మైకుతో. మనిషికి మూడు నిమిషాలు. ప్రజాప్రతినిధికైనా, సంఘం అధ్యక్షుడికైనా అంతే. మాట్లాడే వరుస చీటీలు తీసి పెట్టండి. ముందొచ్చినవాళ్లకు ముందు అని పెడితే పెద్ద సంఘాలు పది పేర్లు ముందే రాయిస్తాయి.

సమాధానం తెలియకపోతే తెలియదని చెప్పు. పక్కన ఒక తెల్ల పలక పెట్టుకో. నేను దానికి "బాకీల పలక" అని పేరు పెట్టుకున్నాను. అడిగింది, అడిగినవారు, జవాబు ఇచ్చే తేదీ. అందరి కళ్లముందు రాయాలి. అప్పు రాసుకున్నాక తీర్చాలి.

వేదిక లేకుండా, మనుషుల మధ్య నిలబడినప్పుడు ఒకరు గట్టిగా అరిస్తే వెంటనే లెక్కలు చెప్పకు. "మీ ఇల్లు పోతోంది, మీ కోపం న్యాయం" అను, ఆగు. తర్వాత లెక్క.

లెక్కల మనిషి:
డ్రాయింగుల గురించి ఒక మాట. పై నుంచి చూసిన ప్లాన్ మామూలుగా ఎవరికీ అర్థం కాదు. బడి, గుడి, ఆసుపత్రి, పెద్ద చెట్టు, వీటి గుర్తులు పెట్టండి. రోడ్డు పొడవునా ఒకే చుట్టగా, ప్రతి ఇల్లూ కనబడే స్కేలులో ప్రింట్ తీయండి. ఇంకా తేలికైంది, నేల మీద రంగు టేపు. 3.5 మీటర్ల బస్ లేన్, దాని పక్కన ఫుట్‌పాత్, అసలు కొలతలతో హాలు నేల మీద అంటించండి. దాని మీద నిలబడితే ఎవరూ వివరించక్కర్లేదు.

వీలైతే తాత్కాలికంగా పెట్టి చూపించడం అన్నిటికంటే మేలు. స్టాక్‌హోమ్‌లో నగరంలోకి వచ్చే వాహనాలకు రద్దీ రుసుము పెట్టాలన్నప్పుడు జనం చాలావరకు వ్యతిరేకమే. 2006 జనవరి నుంచి జూలై ఆఖరు దాకా ఏడు నెలలు ప్రయోగంగా నడిపారు. ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. ఆ సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసులు కొద్ది తేడాతో సరేనన్నారు. 2007 ఆగస్టులో శాశ్వతమైంది. మాటలతో మారనివాళ్లు చూసి మారారు.

రోడ్డు పక్క ఇల్లు:
నాయనా, గది పగలగొట్టి ఏడు నెలలు చూసి మళ్లీ కట్టిస్తారా? పార్కింగుకు, లేనుకు ఆ ప్రయోగం సరే. మా లాంటివాళ్లకు ముందుగా మాట్లాడటమే ఉంది.

లెక్కల మనిషి:
మీరన్నది నిజం. నేను అది ఆలోచించకుండా రాశాను. కోన్లు పెట్టి చూపించగలిగేవి కొన్నే.

కొత్త ప్లానర్:
అందరికీ ధన్యవాదాలు. మా పై అధికారితో మూడుసార్లు కూర్చున్నాను. బల్లలకు ఒప్పుకున్నారు. స్లైడ్లు 60 నుంచి 12కు తగ్గాయి. వేదిక మాత్రం వదలనన్నారు, మొదట పది నిమిషాలు ఆయన అక్కడి నుంచే మాట్లాడతారట. తేలినవి, తేలనివి రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. ఇళ్ల ముందు స్థలం "దాదాపు తేలింది" అన్నది కొట్టేసి "తేలలేదు" అని రాయించగలిగాను. అందుకు డిజైన్ బృందం నా మీద కోపంగా ఉంది. రేపటి నుంచి ఆ పదమూడు ఇళ్లకు వెళ్తున్నాను.

కొత్త ప్లానర్:
సమావేశం నిన్న ముగిసింది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

పదమూడు ఇళ్లలో పదకొండు తలుపులు తెరిచారు. ఒకాయన గేటు దగ్గరే పావుగంట తిట్టి, తర్వాత కుర్చీ వేశారు. ఒక ఇంట్లో గోడ అవతల ఉన్నది మా సర్వేలో రాసినట్టు ఖాళీ జాగా కాదు, వాళ్ల మంచినీళ్ల బోరు. మా డ్రాయింగులో అది లేనేలేదు. ఆఫీసులో కూర్చుని ఇంకో ఏడాది గీసినా నాకు తెలిసేది కాదు. ఇంకా రెండిళ్లవాళ్లు దొరకలేదు.

బస్టాపుల దగ్గర నాలుగు రోజులు నిలబడ్డాం. జరపాలనుకున్న స్టాపు గురించి ఎక్కువమంది చెప్పింది ఒకటే. కొత్త చోట రాత్రిపూట వెలుతురు ఉండదని. ముఖ్యంగా ఆడవాళ్లు చెప్పారు. అది మా లెక్కల్లో ఎక్కడా లేదు. ఆ స్టాపును జరపకుండా ఉంచడానికి ఇప్పుడు మళ్లీ గీస్తున్నాం.

హాల్లో సుమారు 180 మంది వచ్చారు. పై అధికారి పది నిమిషాలు అన్నది పాతిక అయింది. జనం అసహనంగా కదిలారు. బల్లల దగ్గరికి వచ్చాక తేలిక పడింది. నేల మీద టేపు దగ్గర పిల్లలు, పెద్దలు అడుగులు వేస్తూ కొలుచుకున్నారు. పార్కింగ్ పోయేవాళ్ల కోపం తగ్గలేదు, నేను తగ్గించలేకపోయాను కూడా. ఒకాయన మూడు నిమిషాలూ నన్నే చూస్తూ మాట్లాడి, చివర్లో "నాకు ఇష్టం లేదు, కానీ నువ్వు రాసుకున్నావు" అన్నారు. సంజ్ఞా భాషకు ఇద్దరిని అడిగితే ఒక్కరే వచ్చారు. చివరి అరగంట ఆమె చేతులు ఆడలేదు. ఆ వరసలో కూర్చున్న ముగ్గురికి మేము బాకీ పడ్డాం.

పలక మీద 17 బాకీలున్నాయి. అన్నిటికీ నెల లోపు తేదీలు రాశాం.

చక్రాల కుర్చీ:
ఆ ముగ్గురినీ విడిగా పిలిచి, ఇద్దరు అనువాదకులతో ఆ అరగంట మళ్లీ జరపండి. వీడియో లింకు పంపి సరిపెట్టకండి.

మినిట్స్ రాసే మనిషి:
రికార్డు వారంలోపు బయట పెట్టండి. మూడు వరుసలు చాలు: మీరన్నది, మేం చేసింది, చేయలేకపోయినదానికి కారణం. మూడో వరుస ఖాళీగా వదలొద్దు. వచ్చినవాళ్లందరికీ పంపండి, బస్టాపుల దగ్గర కూడా అంటించండి. అక్కడ మాట్లాడినవాళ్లకు వేరే దారి లేదు.

బస్ ప్రయాణికుడు:
వెలుతురు మాట రాసుకున్నందుకు థాంక్స్. నేను ఆ స్టాపు వాడను. మా చెల్లి వాడుతుంది.

రోడ్డు పక్క ఇల్లు:
బాబూ, దొరకని ఆ రెండిళ్ల సంగతి? వాళ్లకు ఇంకా తెలియదు కదా.

కొత్త ప్లానర్:
లేదమ్మా, తెలియదు. పక్కింటివాళ్లు చెప్పారు, ఆదివారం పొద్దున ఉంటారట. డిజైన్ బృందంలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఈసారి మ్యాప్‌తో పాటు కొలిచే టేపు కూడా పట్టుకెళ్తున్నాం. బోరు ఎక్కడుందో ముందు వాళ్లనే అడుగుతాం.